ఇంట్లో కూర్చుని జావా, ఐదో పాఠం: మారని క్లాసులో మారే లిస్టు

పోయిన పాఠంలో టికెట్ క్లాసు రాశాం. ఎక్కే స్టేషను, దిగే స్టేషను, ఛార్జీ, అంతే. మూడు ఫీల్డులకీ ఫైనల్ పెట్టాం, సెట్టర్లు (ఫీల్డు విలువని మార్చే మెథడ్లు) రాయలేదు, క్లాసుకి కూడా ఫైనల్ తగిలించాం. పుట్టిన టికెట్టు పుట్టినట్టే ఉండిపోయింది. అది అంత సుళువుగా కుదరడంలో మన గొప్పేం లేదు. స్ట్రింగూ, ఇంటూ వాటంతట అవే మారని సరుకు. ఈసారి ఫీల్డుగా లిస్టు వస్తోంది. ఇక్కడి నుంచి కథ వేరు. ఇంటర్వ్యూల్లో చాలామంది బోర్లాపడేదీ ఇక్కడే.

కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట. కోడ్ అంతా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పబ్లిక్, ఫైనల్, రిటర్న్ లాంటి జావా సొంత మాటల్నీ, లైబ్రరీ పేర్లనీ టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకోండి. మార్గం, స్టేషన్లు లాంటి మనం పెట్టుకున్న పేర్లు తెలుగులో ఉంచినా జావాకి అభ్యంతరం లేదు. బడిలో ఒడియా చదువుకుని, తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం రానివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు ఒడియా లిపిలో పేర్లు పెట్టుకున్నా కంపైలర్ కిమ్మనదు. ఫైలుని మాత్రం యూటీఎఫ్-8లో దాచండి. 2022లో వచ్చిన జావా 18 నుంచీ కంపైలర్ దాన్నే అనుకుంటుంది. అంతకన్నా పాతది విండోస్ మీద వాడుతుంటే కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పాలి, లేకపోతే తెలుగు పేర్ల దగ్గర తెల్లమొహం వేస్తుంది.

లెక్క ఇదీ

ఉదాహరణకి మన గుణుపురం రైలు లైనే తీసుకుందాం. పర్లాకిమిడి సంస్థానం వేయించిన రెండున్నర అడుగుల నారో గేజ్ లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది. 1931 నాటికి గుణుపురం చేరింది. లైను పొడిగించిన కొన్నేళ్లకే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయాయి, పర్లాకిమిడి, గుణుపురం ఒడిశాలోకి వచ్చాయి. 2004లో నారో గేజ్ ఆపేశారు, 2011 నాటికి బ్రాడ్ గేజ్ బళ్లు గుణుపురం దాకా వచ్చాయి.

మనం రాయాల్సింది ఈ లైను చరిత్ర చూపించే చిన్న ప్రోగ్రాం. ఏ సంవత్సరంలో లైను ఎలా ఉందో ఒక్కో ఆబ్జెక్టులో దాచాలి. 1900 నాటి మార్గం ఒకటి, 1931 నాటిది ఇంకొకటి. 1900 ఆబ్జెక్టులోకి గుణుపురం ఏ దారినా రాకూడదు. మారని క్లాసు ఎందుకు అని అడిగేవాళ్లకి దీనికన్నా మంచి జవాబు నాకు తోచలేదు. జరిగిపోయినదాన్ని ఎవరూ దిద్దకూడదు, అందుకు.

అన్ని స్టేషన్లూ రాయను, పెద్దవి చాలు. మొదటి ప్రయత్నం, టికెట్ క్లాసు పద్ధతిలోనే:

```
పబ్లిక్ ఫైనల్ క్లాస్ మార్గం {
    ప్రైవేట్ ఫైనల్ ఇంట్ సంవత్సరం;
    ప్రైవేట్ ఫైనల్ లిస్ట్<స్ట్రింగ్> స్టేషన్లు;

    పబ్లిక్ మార్గం(ఇంట్ సంవత్సరం, లిస్ట్<స్ట్రింగ్> స్టేషన్లు) {
        దిస్.సంవత్సరం = సంవత్సరం;
        దిస్.స్టేషన్లు = స్టేషన్లు;
    }

    పబ్లిక్ లిస్ట్<స్ట్రింగ్> స్టేషన్లు() {
        రిటర్న్ స్టేషన్లు;
    }
}
```

చూడ్డానికి ఒక్క లోపం కనబడదు. ఫైనల్ ఉంది, ప్రైవేట్ ఉంది, సెట్టరు లేదు. ఇప్పుడు దీన్ని వాడే కోడ్:

```
లిస్ట్<స్ట్రింగ్> జాబితా = న్యూ అరేలిస్ట్<>();
జాబితా.యాడ్("నౌపడ");
జాబితా.యాడ్("టెక్కలి");
జాబితా.యాడ్("పాతపట్నం");
జాబితా.యాడ్("పర్లాకిమిడి");
మార్గం పాతది = న్యూ మార్గం(1900, జాబితా);

జాబితా.యాడ్("కాశీనగర్");
జాబితా.యాడ్("గుణుపురం");
మార్గం కొత్తది = న్యూ మార్గం(1931, జాబితా);

సిస్టమ్.అవుట్.ప్రింట్‌ఎల్ఎన్(పాతది.స్టేషన్లు());
```

నడపకముందే జవాబు కాగితం మీద రాసుకోండి. రాశాక నడపండి. తెర మీద వచ్చేది ఇది:

```
[నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం]
```

1900లోనే బండి గుణుపురం వెళ్లిపోయింది. కంపైలర్ హెచ్చరించలేదు, నడిచేటప్పుడు ఎర్రర్ రాలేదు. తప్పు జవాబు నిశ్శబ్దంగా వచ్చింది. ఎర్రర్ వచ్చే బగ్గు కన్నా ఇలాంటి బగ్గే ప్రమాదం.

ఫైనల్ దేన్ని కట్టేస్తుంది

స్టేషన్లు అనే ఫీల్డులో ఉన్నది లిస్టు కాదు, ఆ లిస్టు మెమరీలో ఎక్కడుందో చెప్పే రిఫరెన్సు. ఫైనల్ ఆ రిఫరెన్సుని కట్టేస్తుంది. ఒకసారి ఈ లిస్టుని చూపించాక ఇంకో లిస్టుని చూపించడానికి వీల్లేదు. ఆ లిస్టు లోపల ఏం జరుగుతుందో ఫైనల్‌కి పట్టదు. యాడ్ చేసినా, రిమూవ్ చేసినా, మొత్తం క్లియర్ చేసినా అది అదే లిస్టు, కాబట్టి ఫైనల్ మాట తప్పినట్టు కాదు.

పై కోడ్‌లో లిస్టు ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకున్న చేతులు మూడు: బయట జాబితా అనే వేరియబుల్, పాతది అనే ఆబ్జెక్టు, కొత్తది అనే ఆబ్జెక్టు. ఒక చెయ్యి మార్చితే మిగతా రెండూ మారినదాన్నే చూస్తాయి.

అందుకని ఈ పాఠం మొత్తానికి ఒకే ప్రశ్న పట్టుకుని వెళ్దాం: నా లోపల ఉన్న ఈ లిస్టుని మార్చగలిగిన చెయ్యి బయట ఇంకేదైనా ఉందా? కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టుని పుట్టించే కోడ్) దగ్గర అడగాలి, గెట్టర్ (లోపలి విలువని బయటికిచ్చే మెథడ్) దగ్గర అడగాలి, లిస్టులోపలి వస్తువుల దగ్గర మళ్లీ అడగాలి.

లోపలికి వచ్చే దారి

కన్‌స్ట్రక్టర్‌లో ఇచ్చిన లిస్టునే ఉంచేసుకోకుండా మన సొంత కాపీ చేసుకోవాలి:

```
దిస్.స్టేషన్లు = న్యూ అరేలిస్ట్<>(స్టేషన్లు);
```

ఇప్పుడు బయటివాళ్లు తమ జాబితాని ఏం చేసుకున్నా మనకి సంబంధం లేదు. పైన రాసిన ప్రోగ్రాం మళ్లీ నడిపితే 1900 మార్గం పర్లాకిమిడిలోనే ఆగుతుంది.

ఇక్కడ చాలామంది ఇంకో మందు వేస్తారు, అది పని చేయదు. ఎందుకు చేయదో కాస్త నిదానంగా చూద్దాం. జావా 1.2 నుంచీ, అంటే 1998 నుంచీ, కలెక్షన్స్ అనే క్లాసులో అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ అనే మెథడ్ ఉంది. పేరు వినగానే ధైర్యం వస్తుంది. వెంటనే ఇలా రాసేస్తారు:

```
దిస్.స్టేషన్లు = కలెక్షన్స్.అన్‌మాడిఫయబుల్‌లిస్ట్(స్టేషన్లు);
```

ఈ మెథడ్ కొత్త లిస్టు చేయదు, కాపీ చేయదు. ఉన్న లిస్టు ముందు ఒక తొడుగు పెడుతుంది, అంతే. మిఠాయి కొట్టులో అద్దాల బీరువా చూడండి. ఇటు నిలబడ్డ మనం లడ్డూ మీద చెయ్యి వేయలేం. అటు వెనక తలుపు తీసి కొట్టాయన కొత్త పళ్లెం పెడుతుంటాడు, పాతది తీస్తుంటాడు. మనకి అద్దంలోంచి అన్నీ కనిపిస్తుంటాయి. ఇక్కడ ఆ వెనక తలుపు బయట ఉన్న జాబితా అనే వేరియబుల్. దాని మీద యాడ్ కొడితే తొడుగులోంచి గుణుపురం మళ్లీ కనిపిస్తుంది. మీరే నడిపి చూడండి, మొదటిసారి వచ్చిన జవాబే వస్తుంది.

అన్‌మాడిఫయబుల్ అంటే నీ చేతిలోంచి మార్చలేవని. ఇమ్యూటబుల్ అంటే ఏ చేతిలోంచీ మారదని. ఈ తేడా తెలియకుండా కొన్నేళ్లు ఉద్యోగం చేసేసినవాళ్లు కూడా ఉంటారు, కాబట్టి ఇక్కడ ఆగి ఇంకోసారి చదువుకోండి. నష్టం లేదు.

బయటికి వెళ్లే దారి

కన్‌స్ట్రక్టర్‌లో కాపీ చేశాం. గెట్టర్ మాత్రం మన సొంత లిస్టునే బయటివాళ్ల చేతిలో పెడుతోంది. అంటే మార్చగలిగిన చెయ్యిని మనమే తయారు చేసి ఇస్తున్నాం.

పాఠ్యపుస్తకాల్లో ఇక్కడ రిమూవ్ కొట్టి చూపిస్తారు. అలా కావాలని ఎవరూ చేయరు. నిజంగా జరిగేది ఇంకోటి. తెర మీద స్టేషన్ల పేర్లు అక్షరక్రమంలో చూపించమని ఎవరో అడుగుతారు. ఆ పని అప్పగించిన కుర్రాడు మంచి బుద్ధితోనే రాస్తాడు:

```
లిస్ట్<స్ట్రింగ్> పేర్లు = పాతది.స్టేషన్లు();
కలెక్షన్స్.సార్ట్(పేర్లు);
```

సార్ట్ కొత్త లిస్టు ఇవ్వదు, ఇచ్చిన లిస్టునే తిరగరాస్తుంది. దాంతో 1900 మార్గం టెక్కలి, నౌపడ, పర్లాకిమిడి, పాతపట్నం అయిపోతుంది. బండి టెక్కలిలో బయల్దేరి నౌపడకి వెనక్కొచ్చి, పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళ్లి, మళ్లీ పాతపట్నం వచ్చి ఆగుతుంది. ఛార్జీ లెక్క వేసే కోడ్ ఇంకెక్కడో ఉంటుంది, అది పిచ్చి అంకెలు చూపిస్తుంది. తప్పు ఎక్కడుందో వెతికేవాడు సార్ట్ దగ్గరకి రావడానికి పొద్దుపోతుంది.

గెట్టర్‌లో కూడా ప్రతిసారీ కాపీ చేసి ఇవ్వొచ్చు. సరైన పనే. కానీ పిలిచిన ప్రతిసారీ ఒక కొత్త లిస్టు పుడుతుంది, అడిగినవాడేమో తనకిచ్చినది కాపీ అని తెలియక దాంట్లో యాడ్ కొట్టి, అసలు మార్గం మారలేదేమిటా అని తల గోక్కుంటాడు. అందుకే నేను రెండు దారుల్నీ ఒకే లైనుతో మూసేస్తాను:

```
దిస్.స్టేషన్లు = లిస్ట్.కాపీఆఫ్(స్టేషన్లు);
```

కాపీఆఫ్ 2018లో జావా 10తో వచ్చింది. అంతకు ముందు ఏడాది జావా 9తో వచ్చిన లిస్ట్.ఆఫ్‌కి తమ్ముడు లాంటిది. ఇచ్చిన లిస్టులోని వస్తువులన్నిటినీ కొత్త లిస్టులోకి ఎక్కిస్తుంది, ఆ కొత్త లిస్టుని ఎవరూ మార్చలేరు. కాపీ కాబట్టి బయటి జాబితాతో సంబంధం తెగింది. మార్చలేనిది కాబట్టి గెట్టర్‌లోంచి నిర్భయంగా అదే ఇచ్చేయొచ్చు. సార్ట్ కొట్టిన కుర్రాడికి అన్‌సపోర్టెడ్‌ఆపరేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది, అదీ సార్ట్ రాసిన లైను దగ్గరే వస్తుంది. తప్పు చేసిన చోటే దొరికిపోవడం కన్నా మంచి సంగతి ఏముంటుంది.

మూడు సంగతులు గుర్తుంచుకోండి. లిస్టులో ఒక్క నల్ (ఏ వస్తువునీ చూపించని ఖాళీ రిఫరెన్సు) ఉన్నా కాపీఆఫ్ ఒప్పుకోదు, నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్ విసురుతుంది. నాకైతే అది మేలే అనిపిస్తుంది. పేరు లేని స్టేషను మార్గంలో ఎందుకుంటుంది? రెండోది, ఇచ్చిన లిస్టు ముందే ఇలాంటి మారని లిస్టయితే కాపీఆఫ్ మామూలుగా మళ్లీ కాపీ చేయదు, దాన్నే తిరిగి ఇస్తుంది. పైన చెప్పిన తొడుగు లిస్టుని ఇస్తే మాత్రం దానికి మోసపోదు, నిజంగానే కాపీ చేస్తుంది. మూడోది కొంచెం చిరాకు. రిటర్న్ టైపు లిస్ట్ అనే ఉంటుంది గనక యాడ్, రిమూవ్ మెథడ్లు ఎడిటర్‌లో కనబడుతూనే ఉంటాయి, కంపైల్ కూడా అవుతాయి, నడిపినప్పుడే దెబ్బ తగులుతుంది. మారేవాటికీ మారనివాటికీ ఒకే ఇంటర్‌ఫేస్ పెట్టిన పాత నిర్ణయం ఫలితం ఇది. ఇప్పుడు దాన్ని మార్చే వీలు లేదు. కోట్లిన్‌లో రెంటికీ వేరే పేర్లు పెట్టారు గానీ, అక్కడి లిస్ట్ కూడా చదవడానికి మాత్రమే ఇచ్చే తొడుగు లాంటిదే. వెనక మారే లిస్టు ఉండొచ్చు.

ఇంకో చిన్న జాగ్రత్త. మార్గానికి కనీసం రెండు స్టేషన్లు ఉండాలని కన్‌స్ట్రక్టర్‌లో తనిఖీ పెట్టాలనుకోండి. ముందు కాపీ చేయండి, తర్వాత ఆ కాపీని తనిఖీ చేయండి. ఇచ్చిన లిస్టుని తనిఖీ చేసి ఆ తర్వాత కాపీ చేస్తే, ఆ రెంటి మధ్య ఇంకో థ్రెడ్, అంటే అదే ప్రోగ్రాంలో పక్కన నడుస్తున్న ఇంకో పని, లిస్టుని మార్చేసే సందు ఉంటుంది. తనిఖీ చేసిందొకటి, దాచుకున్నదొకటి అవుతుంది.

లిస్టు లోపల ఉన్నవాటి సంగతి

ఇప్పటిదాకా లిస్టులో స్ట్రింగులున్నాయి, కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు ప్రతి స్టేషనుకీ ఒక ఆబ్జెక్టు పెడదాం. దానికి పేరు, రాష్ట్రం అనే రెండు ఫీల్డులు. రాష్ట్రం మార్చడానికి సెట్టరు ఉందనుకోండి.

```
స్టేషన్ పర్లా = న్యూ స్టేషన్("పర్లాకిమిడి", "మద్రాసు");
జాబితా.యాడ్(పర్లా);
మార్గం పాతది = న్యూ మార్గం(1900, జాబితా);

పర్లా.సెట్‌రాష్ట్రం("ఒడిశా");
```

లిస్ట్.కాపీఆఫ్ వాడాం. లిస్టు మారలేదు, స్టేషన్ల సంఖ్య మారలేదు, వరుస మారలేదు. అయినా 1900 మార్గాన్ని అడిగితే పర్లాకిమిడి ఒడిశాలో ఉందంటుంది. ఒడిశా ఏర్పడడానికి ముప్పై ఆరేళ్ల ముందే.

కాపీఆఫ్ కాపీ చేసింది రిఫరెన్సులని. రెండు లిస్టులూ వేరు, రెండూ చూపించే పర్లాకిమిడి ఆబ్జెక్టు ఒకటే. మన ప్రశ్న ఇక్కడ మళ్లీ వేసుకోవాలి: లోపల ఉన్న దీన్ని మార్చగలిగిన చెయ్యి బయట ఉందా? ఉంది, పర్లా అనే వేరియబుల్.

దీనికి రెండు ఉపాయాలు. లోపలి ఆబ్జెక్టుల్ని కూడా ఒక్కొక్కటిగా కాపీ చేసుకోవచ్చు. వాటి లోపల ఇంకేవైనా మారేవి ఉంటే వాటినీ చేసుకోవాలి. ఎంత లోతుకి వెళ్లాలో తెలియదు, రేపు ఎవరైనా స్టేషన్‌లో కొత్త ఫీల్డు పెడితే ఈ కాపీ కోడ్‌ని గుర్తు పెట్టుకుని మార్చేవాళ్లు ఉండరు. రెండో ఉపాయం స్టేషన్ క్లాసునే మారనిదిగా చేయడం. సెట్టరు తీసేయండి. 1936లో రాష్ట్రం మారితే కొత్త స్టేషన్ ఆబ్జెక్టు పుడుతుంది, దాంతో కొత్త మార్గం పుడుతుంది. పాతవి పాతగానే ఉంటాయి. క్లాసు మీ చేతిలోది అయితే రెండో దారినే వెళ్లండి, మొదటిదాని జోలికి పోకండి.

క్లాసు మీ చేతిలోది కానప్పుడే మొదటిది. పాత ప్రాజెక్టుల్లో తారీఖుల కోసం యుటిల్ ప్యాకేజీలోని డేట్ క్లాసు ఇంకా కనిపిస్తుంది. దానికి సెట్‌టైమ్ మెథడ్ ఉంది, అంటే ఎవరైనా మార్చొచ్చు. లోపలికి వచ్చేటప్పుడూ బయటికి ఇచ్చేటప్పుడూ కాపీ చేయక తప్పదు. కొత్తగా రాసేటప్పుడైతే 2014లో జావా 8తో వచ్చిన లోకల్‌డేట్, లోకల్‌టైమ్ వాడండి, అవి మారవు. అరేలు ఇంకా మొండివి. అరేకి తాళం వేసే పద్ధతే జావాలో లేదు. ఫీల్డుగా అరే ఉంటే రెండు దారుల్లోనూ క్లోన్ కొట్టాల్సిందే, కుదిరితే అరే బదులు లిస్టు పెట్టుకోవడం నయం.

మ్యాపులో లిస్టు

ఒక్కో స్టేషనులో బండి వచ్చే టైములు దాచాలనుకుందాం. స్టేషను పేరు ఇస్తే టైముల లిస్టు ఇచ్చే మ్యాపు కావాలి. మ్యాప్.కాపీఆఫ్ కొడితే సరిపోతుందని అనిపిస్తుంది. సరిపోదు. అది పై గడప మాత్రమే దాటుతుంది. కొత్త స్టేషను ఎవరూ చేర్చలేరు, కానీ టెక్కలి ఎదురుగా ఉన్న టైముల లిస్టు పాత మారే లిస్టే. దాంట్లో యాడ్ కొడితే మన టైంటేబుల్ మారిపోతుంది.

ఇంకో చిక్కు. మ్యాప్.కాపీఆఫ్ ఇచ్చే మ్యాపుకి వరుస ఉండదు. నౌపడ ముందు, టెక్కలి తర్వాత అని మనం ఎక్కించిన క్రమాన్ని అది పట్టించుకోదు. పైగా ప్రోగ్రాం నడిపినప్పుడల్లా వరుస మారొచ్చు, కావాలనే అలా చేశారు, ఆ వరుస మీద ఎవరూ ఆధారపడకూడదని. సెట్.కాపీఆఫ్ కూడా అంతే. టైంటేబుల్‌కి వరుస ముఖ్యం. కాబట్టి ఇలా:

```
మ్యాప్<స్ట్రింగ్, లిస్ట్<లోకల్‌టైమ్>> సొంతం = న్యూ లింక్డ్‌హ్యాష్‌మ్యాప్<>();
ఫర్ (వార్ జత : ఇచ్చినది.ఎంట్రీసెట్()) {
    సొంతం.పుట్(జత.గెట్‌కీ(), లిస్ట్.కాపీఆఫ్(జత.గెట్‌వాల్యూ()));
}
దిస్.టైములు = కలెక్షన్స్.అన్‌మాడిఫయబుల్‌మ్యాప్(సొంతం);
```

ఇంతసేపూ తిట్టిన అన్‌మాడిఫయబుల్ తొడుగునే చివరి లైనులో వాడాం, గమనించారా? ఇక్కడ తప్పు లేదు. సొంతం అనే మ్యాపుని మనమే పుట్టించాం, కన్‌స్ట్రక్టర్ అయిపోగానే దాన్ని పట్టుకున్న చెయ్యి తొడుగు ఒక్కటే. వెనక తలుపు తాళం ఎవరి దగ్గరా లేదు. తొడుగు మంచిదా చెడ్డదా అని కాదు, వెనక ఎవరున్నారనేదే చూడాలి. లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ ఎక్కించిన వరుసని నిలబెడుతుంది, లోపలి లిస్టులు కాపీఆఫ్ చేసినవి, లోకల్‌టైమ్ మారనిది. అన్ని అంతస్తుల్లోనూ మన ప్రశ్నకి "లేదు" అనే జవాబే వచ్చింది.

మరి మార్పు కావాలంటే

లైను పొడిగించడం నిజంగా జరిగే పనే కదా. పాతదాన్ని మార్చకుండా కొత్త మార్గాన్ని పుట్టించి ఇచ్చే మెథడ్ రాస్తాం:

```
పబ్లిక్ మార్గం పొడిగించు(ఇంట్ ఎప్పుడు, లిస్ట్<స్ట్రింగ్> కొత్తవి) {
    లిస్ట్<స్ట్రింగ్> అన్నీ = న్యూ అరేలిస్ట్<>(స్టేషన్లు);
    అన్నీ.యాడ్‌ఆల్(కొత్తవి);
    రిటర్న్ న్యూ మార్గం(ఎప్పుడు, అన్నీ);
}
```

వాడేటప్పుడు తిరిగి వచ్చినదాన్ని పట్టుకోవడం మరవకండి. పాతది.పొడిగించు అని పిలిచి ఊరుకుంటే ఏమీ జరిగినట్టు ఉండదు. స్ట్రింగ్ మీద ట్రిమ్ కొట్టి, వచ్చిన జవాబుని వదిలేసే తప్పు లాంటిదే ఇది.

గుణుపురంలో ఇంజినీరింగు చదువుతున్న ఒకమ్మాయి పోయిన పాఠం తర్వాత అడిగింది: ప్రతి చిన్న మార్పుకీ మొత్తం కాపీ చేస్తే ప్రోగ్రాం నెమ్మదించదా సార్ అని. న్యాయమైన ప్రశ్న. కాపీ అయ్యేవి రిఫరెన్సులే, స్టేషన్ ఆబ్జెక్టులు కావు. ఆరు స్టేషన్ల లిస్టుకి ఆ ఖర్చు కొలవడానికి కూడా అందదు. ఖర్చు ఎక్కడ మొదలవుతుందంటే, లక్ష వస్తువుల్ని లూపులో ఒక్కొక్కటిగా పొడిగించు అంటూ చేర్చినప్పుడు. మొదటిసారి ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు, ఇలా లక్ష దాకా కాపీ అవుతూ పోతే మొత్తం 500 కోట్ల రిఫరెన్సులు కదిలించాలి. అలాంటి చోట మామూలు అరేలిస్ట్‌లో అన్నీ పోగుచేసి, చివర ఒక్కసారి మారని ఆబ్జెక్టు కట్టండి. ఒక మెథడ్ లోపలే పుట్టి అక్కడే పోయే లిస్టు ఎంత మారినా ఎవరికీ బెడద లేదు. స్ట్రింగ్‌బిల్డర్‌తో కూర్చి స్ట్రింగ్ చేసుకోవడం మనకి అలవాటే, ఇదీ అదే పద్ధతి.

రికార్డు చేస్తే చాలదా

2021లో జావా 16తో రికార్డులు పూర్తి స్థాయిలో వచ్చాయి. ఫీల్డులు వాటంతట అవే ప్రైవేట్ ఫైనల్ అవుతాయి, రికార్డు కూడా ఫైనలే. రాసే బరువు సగానికి సగం తగ్గుతుంది. కానీ లిస్టుని మీ తరఫున కాపీ చేయదు. మొదటి ప్రయత్నంలో మనం రాసిన లోపం ఉన్న క్లాసే పొట్టి రూపంలో వస్తుంది. కాపీ లైను మీరే రాయాలి:

```
పబ్లిక్ రికార్డ్ మార్గం(ఇంట్ సంవత్సరం, లిస్ట్<స్ట్రింగ్> స్టేషన్లు) {
    పబ్లిక్ మార్గం {
        స్టేషన్లు = లిస్ట్.కాపీఆఫ్(స్టేషన్లు);
    }
}
```

బ్రాకెట్లు లేని ఆ కన్‌స్ట్రక్టర్ వింతగా కనిపిస్తే కంగారు పడకండి, రికార్డుల్లో అది చెల్లుతుంది. అందులో దిస్ అని రాయకూడదు, ఫీల్డులకి విలువ ఇవ్వడం జావా తనే చూసుకుంటుంది.

పైథాన్ చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. 3.7 నుంచీ ఉన్న డేటాక్లాస్‌కి ఫ్రోజెన్ పెట్టినా ఇదే కథ. ఫీల్డుకి కొత్త విలువ ఇవ్వనివ్వదు గానీ లోపలి లిస్టుకి అపెండ్ కొట్టనిస్తుంది. అక్కడ లిస్టు బదులు టపుల్ చేసి దాచుకోండి.

ఇంటి దగ్గర చేయాల్సింది

కంప్యూటర్ లేనివాళ్లు కాగితం మీద చేసినా సరే, ముందు జవాబు ఊహించి రాసుకోవడం ముఖ్యం.

మొదటిది. మార్గం క్లాసు ముందున్న ఫైనల్ తీసేయండి. దాన్ని ఎక్స్‌టెండ్ చేసి, స్టేషన్లు మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి, పిలిచినప్పుడల్లా వేరే జవాబు చెప్పే దొంగ మార్గం ఒకటి రాయండి. మార్గం తీసుకునే మెథడ్‌కి దాన్ని ఇచ్చి ఏం జరుగుతుందో చూడండి.

రెండోది. ఆరు స్టేషన్ల జాబితాలోంచి సబ్‌లిస్ట్ మెథడ్‌తో మొదటి నాలుగు స్టేషన్లు తీయండి. ఆ ముక్కని ఒకసారి అన్‌మాడిఫయబుల్‌లిస్ట్‌కి, ఇంకోసారి కాపీఆఫ్‌కి ఇవ్వండి. తర్వాత అసలు జాబితాకి ఇంకో స్టేషను చేర్చి, రెంటినీ ప్రింట్ చేయండి. ఒకటి ప్రింటవుతుంది, ఇంకోటి ఎక్సెప్షన్ విసురుతుంది. ఏది, ఎందుకు?

మూడోది తర్వాతి పాఠానికి పనికొస్తుంది, వదలొద్దు. సెట్టరు ఉన్న స్టేషన్ క్లాసుకి పేరూ రాష్ట్రమూ కలిపి ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రాయండి. పర్లాకిమిడిని ఒక హ్యాష్‌సెట్‌లో వేయండి. బయటి నుంచి దాని రాష్ట్రం మార్చండి. ఇప్పుడు అదే ఆబ్జెక్టు సెట్‌లో ఉందా అని కంటైన్స్‌తో అడగండి. తర్వాత సెట్ మొత్తాన్ని ప్రింట్ చేయండి. రెండు జవాబులూ పక్కపక్కన రాసుకుని ఉంచండి, ఆరో పాఠం అక్కడి నుంచే.